మున్సిపాలిటీ మీద ఫిర్యాదుకి ఏ గడప ఎక్కాలి? విజయనగరం, శ్రీకాకుళం కౌంటర్లకు మా మార్కులు

వీధిలో వేసిన సీసీ రోడ్డు ఆరు నెలలకే పెచ్చులూడిపోయింది. దాన్ని వేసిన కాంట్రాక్టరు ఫలానా కార్పొరేటర్ గారి బావమరిది అని వార్డంతా చెప్పుకుంటోంది. ఇంటి ప్లాను కదలాలంటే చెయ్యి తడపాలని ఆఫీసులో ఒకాయన మొహం మీదే అన్నాడు. కుళాయి కనెక్షన్ మనకంటే వెనక దరఖాస్తు పెట్టినవాళ్లకి ముందొచ్చింది. ఈ నాలుగింటినీ మనం "అవినీతి" అని ఒకే మాటలో తేల్చేస్తాం. కానీ ఫిర్యాదు దగ్గరికి వచ్చేసరికి నాలుగూ నాలుగు గడపలు. తప్పు గడప ఎక్కితే మన కాగితం ఊరంతా తిరిగి, ఎవరి మీద రాశామో సరిగ్గా ఆయన టేబుల్ మీదకే వచ్చి వాలుతుంది.

అమెరికాలో ఈ పని చూడ్డానికి కొన్నిచోట్ల ఊరికో, కొన్నిచోట్ల రాష్ట్రానికంతటికీ ఒక నైతిక కమిషన్ ఉంటుంది. మనకలాంటిది లేదు. అది చెయ్యాల్సిన పని ఇక్కడ ముక్కలు ముక్కలుగా నాలుగైదు ఆఫీసుల్లో పడి ఉంది. ఆ ముక్కల్ని ఒక్కొక్కటిగా, ఓ హోటల్‌కో మొబైల్‌కో రివ్యూ రాసినట్టే, వాడేవాళ్ల వైపు నుంచి చూసి మార్కులు వేశాం. చూసినవి మూడే: కాగితం ఇచ్చినట్టు చేతికి రుజువు వస్తుందా, ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషిని దాటి కాగితం వెళ్తుందా, ఇన్ని రోజుల్లో తేల్చాలని ఎక్కడైనా రాసి ఉందా.

ముందే ఒక మాట. ఈ విషయంలో విజయనగరం, శ్రీకాకుళం ఒకటి కావు. విజయనగరం కార్పొరేషన్‌లో 2021 మార్చిలో 50 డివిజన్లకి ఎన్నికలు జరిగాయి. కాబట్టి ఆ పాలకవర్గం చేసిన పనుల మీద కార్పొరేటర్ల స్వప్రయోజనాల ప్రశ్న నేరుగా వస్తుంది. శ్రీకాకుళంలో 2010లో పాలకవర్గం గడువు తీరాక 2021 విడతలో కూడా ఎన్నికలు జరగలేదు. పాలన ప్రత్యేకాధికారి చేతిలోకి పోయింది. కార్పొరేటరు లేడు కాబట్టి బావమరిది గొడవ లేదని మురిసిపోనక్కర్లేదు. తీర్మానం చేసే చెయ్యీ, అమలు చేసే చెయ్యీ రెండూ అధికారులవే అయిపోతాయి. సమావేశంలో లేచి "ఈ బిల్లేంటండీ" అని అడిగే ప్రతిపక్ష సభ్యుడు ఒక్కడైనా ఉండడు. అలాంటి చోట కింద చెప్పబోయే సమాచార హక్కు విలువ రెండింతలు.

సోమవారం గ్రీవెన్స్‌తో మొదలుపెడదాం, అందరూ ముందు వెళ్లేది అక్కడికే కాబట్టి. పేరు ప్రభుత్వంతో పాటు మారుతూ వచ్చింది: మీ కోసం అన్నారు, స్పందన అన్నారు, 2024 నుంచి ప్రజా సమస్యల పరిష్కార వేదిక. పేరేదైనా లోపలి యంత్రం ఒకటే. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే కంప్యూటర్‌లో ఎక్కించి, నంబరుతో రసీదు ఇస్తారు. అక్కణ్ణించి అది సంబంధిత శాఖ లాగిన్‌కి వెళ్తుంది. వెళ్లలేనివాళ్లు 1100కి ఫోన్ చెయ్యొచ్చు, వార్డు సచివాలయంలో ఇవ్వొచ్చు.

రసీదు విషయంలో పూర్తి మార్కులు. దెబ్బ తినేది రెండో ప్రశ్న దగ్గర. "శాఖ లాగిన్" అంటే ఏమిటి? మున్సిపాలిటీ మీద ఇచ్చిన అర్జీ మున్సిపాలిటీకే వెళ్తుంది. ప్లాను సెక్షన్ మీద రాసింది ప్లాను సెక్షన్‌కే దిగుతుంది. "విచారించి పరిష్కరించడమైనది" అని ఒక వాక్యం ఎండార్స్‌మెంటు రాసి మూసేస్తే మన ఫోన్‌కి మెసేజ్ వచ్చేస్తుంది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అనడం అన్ని సందర్భాల్లోనూ న్యాయం కాదు గానీ, మనిషి మీద ఆరోపణకి ఈ దారి పనికిరాదు. పనికొచ్చేది పని ఆగిపోయినప్పుడు: కుళాయి, వీధి దీపం, పూడిక తీయని కాలువ, ఆస్తి పన్నులో తప్పు పడ్డ కొలత. కుళాయి వరస తప్పిన కేసుకి ఇది సరైన గడపే. "నా దరఖాస్తు నంబరు ఇది, తేదీ ఇది, నా తర్వాత ఫలానా తేదీన పెట్టినవాళ్లకి కనెక్షన్ ఇచ్చారు, నాకెప్పుడిస్తారు" అని మూడు వాక్యాల్లో రాయండి. నాలుగు పేజీల ఆవేదన రాస్తే అందులో సమాధానం చెప్పడానికి తేలికైన వాక్యం ఒకటి వెతుక్కుని దానికే జవాబిస్తారు. ఒక అర్జీలో ఒకే సమస్య. అసంతృప్తి ఉంటే మళ్లీ తెరిపించే వీలుంది, వాడుకోండి. 5కి 2.5.

ఇక సమాచార హక్కు. ఇది ఫిర్యాదు కాదు, ఇక్కడ ఎవరికీ శిక్ష పడదు. అయినా మా లెక్కలో ఈ జాబితాకంతటికీ గుండెకాయ ఇదే. ఎందుకంటే మిగతా గడపలన్నీ "రుజువేది?" అని అడుగుతాయి, ఆ రుజువు దొరికేది ఇక్కడ.

2005 చట్టం. మున్సిపాలిటీలో దరఖాస్తు రుసుము 10 రూపాయలు. కోర్టు ఫీజు స్టాంపు అతికించొచ్చు, నగదు కట్టి రసీదు తీసుకోవచ్చు. తెల్ల రేషన్ కార్డు ఉంటే జిరాక్సు జతచేస్తే రుసుము లేదు. 30 రోజుల్లో సమాధానం రావాలి. తప్పు ఆఫీసుకి వేస్తే 5 రోజుల్లో సరైన చోటుకి వాళ్లే పంపాలి. 30 రోజులు దాటిపోతే ఆ తర్వాత ఇచ్చే కాగితాలకి పేజీకి 2 రూపాయలు కూడా అడక్కూడదు, ఉచితంగా ఇవ్వాలి. సమాధానం రాకపోయినా, నచ్చకపోయినా 30 రోజుల్లో అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు. ఆయన 30 రోజుల్లో, కారణం రాస్తే గరిష్ఠంగా 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా కుదరకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. తప్పు తేలితే రోజుకి 250 రూపాయల చొప్పున 25,000 దాకా సమాచార అధికారి జేబులోంచి జరిమానా.

కాగితం మీద ఇంత పదునైన చట్టం మొండిబారేది ఎక్కడంటే, మనం రాసే ప్రశ్న దగ్గర. "మా వీధి రోడ్డు ఎందుకు పాడైంది? బాధ్యులపై ఏ చర్య తీసుకున్నారు?" అని రాస్తే "మీరు కోరినది సమాచార నిర్వచనం కిందకి రాదు" అని ఒకే లైను జవాబొస్తుంది. అది తప్పు జవాబు కూడా కాదు. చట్టం కాగితం ఇవ్వమంటుంది గానీ సంజాయిషీ ఇవ్వమనదు. కాబట్టి కాగితాన్ని పేరు పెట్టి పిలవాలి. ఒక రోడ్డు పనికి ఉండే కాగితాలివి: అంచనా, పరిపాలనా ఆమోదం, సాంకేతిక మంజూరు, అది పెట్టిన సమావేశం అజెండా, తీర్మానం, టెండరు ప్రకటన, ఎవరెవరు ఎంతకి వేశారన్న పోలిక పట్టిక, ఒప్పంద పత్రం, ఎం-బుక్ పేజీలు, క్వాలిటీ కంట్రోల్ పరీక్ష నివేదిక, బిల్లు వోచరు. "ఫలానా డివిజన్, ఫలానా వీధి, ఫలానా ఏడాది పనికి సంబంధించిన ఈ కాగితాల ధ్రువీకరించిన నకళ్లు" అని రాస్తే తప్పించుకునే సందు తక్కువ.

వీటన్నిట్లో ఎం-బుక్ మీద కాస్త ఆగుదాం. మెజర్‌మెంట్ బుక్కు అంటే ఇంజనీరు పని దగ్గరికెళ్లి కొలిచి రాసిన పుస్తకం. బిల్లుకి పునాది అదే. అందులో ఒక లైను ఇలా ఉంటుంది అనుకోండి: పొడవు 80.00, వెడల్పు 3.00, మందం 0.15, పరిమాణం 36.00. అంటే 36 ఘనపు మీటర్ల కాంక్రీటుకి డబ్బు కట్టారు. ఇప్పుడు రోడ్డు అంచు విరిగిన చోట స్కేలు పెట్టండి. పొడవూ వెడల్పూ ఎవరూ దొంగిలించరు, టేపు పెడితే పిల్లాడికైనా దొరికిపోతుంది. పోయేది ఎప్పుడూ మందం దగ్గరే. 15 సెంటీమీటర్లకి బదులు 10 ఉంటే పోసింది 24 ఘనపు మీటర్లు. 12 ఘనపు మీటర్లు పుస్తకంలోనే ఉన్నాయి, నేల మీద లేవు. అంచు దగ్గర కొలిచింది సరిపోదు, రోడ్డు మధ్యలో మందం వేరుగా ఉండొచ్చు. అందుకే ఫిర్యాదులో "కోర్ కటింగ్ చేయించండి" అని అడగాలి. యంత్రంతో గుండ్రంగా కోసి, కాంక్రీటు ముక్కని నిలువునా బయటికి తీసే పరీక్ష అది. మందమూ, గట్టిదనమూ రెండూ తేలిపోతాయి.

ఎం-బుక్‌లో మరో రెండు చూడాలి. కొలత తేదీ ఎప్పుడు, బిల్లు తేదీ ఎప్పుడు, పని పూర్తయినట్టు రాసిన తేదీ ఎప్పుడు. మూడూ ఒకే రోజు పడితే ఆ పుస్తకం ఫీల్డులో రాసింది కాదు, కుర్చీలో రాసింది. రెండోది, ఒకే వీధిని మూడు ముక్కలు చేసి మూడు అంచనాలు వేశారా అన్నది. పెద్ద పనికి టెండరు పిలవాలి, చిన్న పనైతే నామినేషన్ మీద ఇచ్చేయొచ్చు. కాబట్టి ముక్కలు చెయ్యడం పాత విద్య. మూడు అంచనాలకీ ఒకే తేదీ, ఒకే కాంట్రాక్టరు ఉంటే ఆ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఫొటో తీస్తే చాలు, వివరణ అక్కర్లేదు.

నకళ్ల కంటే తనిఖీ అడగడం మేలు. చాలామంది వాడుకోని హక్కిది. రికార్డు మనమే వెళ్లి చూడొచ్చు. మొదటి గంట ఉచితం, ఆ తర్వాత ప్రతి 15 నిమిషాలకి 5 రూపాయలు. ఫైలు చూస్తే నోట్ ఫైల్‌లో ఎవరు ఏ అభ్యంతరం రాశారో, దాన్ని ఎవరు పక్కన పెట్టారో కనిపిస్తుంది. నకళ్లు అడిగినవాళ్లకి నోట్ ఫైలు సంగతే తెలియదు, అడగరు కాబట్టి ఎవరూ ఇవ్వరు. ఇంకో సంగతి, పనిలో వాడిన సామగ్రి నమూనా ధ్రువీకరించి ఇవ్వమని అడిగే హక్కు కూడా ఇదే చట్టంలో ఉంది.

బలహీనతలు చెప్పకపోతే రివ్యూ కాదు. మొదటి అప్పీలు వినేది అదే ఆఫీసులోని పెద్దాయన, అక్కడ పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. కానీ అది వెయ్యకుండా రెండోది వెయ్యడానికి లేదు. రెండో అప్పీలు ఎన్ని రోజుల్లో తేల్చాలో చట్టం చెప్పలేదు, ఆలస్యమంతా అక్కడే. పైగా వ్యక్తిగత సమాచారం మినహాయింపును 2023 డేటా రక్షణ చట్టం ద్వారా మార్చేశారు. ఇదివరకు "ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలి" అన్న షరతు ఆ క్లాజులోనే ఉండేది, ఇప్పుడది లేదు. అధికారి ఆస్తి వివరం, శాఖాపరమైన చర్య వివరం అడిగితే "వ్యక్తిగతం" అనేసి మూసెయ్యడం తేలికైంది. అయితే హాని కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చన్న సమాచార హక్కు చట్టం 8(2) సెక్షన్ అలాగే ఉంది. దరఖాస్తులోనే ఆ సెక్షన్ పేరు రాసి, ప్రయోజనం ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పండి. అప్పీలులో మొదటిసారి గుర్తుచేస్తే ఆలస్యమైపోతుంది. 5కి 4.

చెయ్యి తడపమన్నాయన సంగతి ఏసీబీది, అంటే అవినీతి నిరోధక శాఖది. రెండు జిల్లాల్లోనూ డీఎస్పీ ఆఫీసులున్నాయి. టోల్ ఫ్రీ 1064. కేసు నడిచేది విశాఖపట్నంలోని ఏసీబీ కోర్టులో. లంచం అడిగిన కేసుకి ఇంతకంటే బాగా పనిచేసే కౌంటరు ఈ జాబితాలో లేదు. కారణం, ఇక్కడ ఎవరి మాట నమ్మాలన్న గొడవ తక్కువ, రంగు మాట్లాడుతుంది.

వరస ఇది. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తారు. ఆ అధికారి దగ్గర నిజంగా మీ పని పెండింగులో ఉందా, నిజంగా అడిగాడా అని ఏసీబీ వాళ్లు చడీచప్పుడు లేకుండా తేల్చుకుంటారు. ఫోన్ రికార్డింగు ఉంటే మంచిదే. ఫోన్‌ని మాత్రం అమ్మెయ్యొద్దు, ఫార్మాట్ చెయ్యొద్దు. 2024 జూలై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం కావాలి, రికార్డయిన పరికరం ఏదో చెప్పాలి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన ముక్క కోర్టులో నీరుగారిపోతుంది. కేసు కట్టాక, వేరే శాఖల నుంచి ఇద్దరు ఉద్యోగుల్ని మధ్యవర్తులుగా పిలుస్తారు. వాళ్ల ముందు మీ నోట్ల నంబర్లు రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లు అప్పటిదాకా మామూలు నీళ్లలాగే ఉంటాయి, పొడి తగిలిన వేళ్లు ముంచితే గులాబీ రంగుకి తిరుగుతాయి. మధ్యవర్తులకి ముందే ఒకసారి చేసి చూపించి, చూసిందంతా రాయించి సంతకాలు పెట్టిస్తారు. పట్టుకున్నాక కడిగిన నీళ్లు సీసాల్లో పోసి సీలు వేసి ల్యాబుకి పంపుతారు. డబ్బు ముందు మీదే, తర్వాత తిరిగొస్తుంది.

ఇందులో చెడేది ఒకే చోట. నోట్లు పట్టుబడితే సరిపోదు, అడిగినట్టు రుజువు కావాలి. "పాత అప్పు తీర్చాడు", "నేను లేనప్పుడు డ్రాయర్‌లో పెట్టి వెళ్లిపోయాడు" అన్నవి రెండూ కోర్టుల్లో అరిగిపోయిన వాదనలు, అయినా అప్పుడప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి. అందుకే లోపలికి వెళ్లగానే కవరు చేతిలో పెట్టెయ్యొద్దు. "మరి నా పనేమైందండీ" అని అడిగి, ఆయన నోటితో అడిగేదాకా ఆగాలి. మధ్యవర్తికి వినపడేలా ఉంటే మరీ మంచిది. ఫిర్యాదుదారు తర్వాత అడ్డం తిరిగినా, మరణించినా మిగతా పరిస్థితుల సాక్ష్యంతో డిమాండు రుజువు చెయ్యొచ్చని 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కానీ దాన్ని నమ్ముకుని నిర్లక్ష్యంగా వెళ్లడం వేరు.

ఇప్పటికే ఇచ్చేసినవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతం మీద ఇచ్చి ఉంటే 7 రోజుల్లోపు పోలీసుకో ఏసీబీకో చెప్పినవాళ్లకి మాత్రం రక్షణ. ఎనిమిదో రోజు ఆ తలుపు మూసుకుంటుంది.

అదే ఏసీబీకి రోడ్డు కేసు, టెండరు కేసు పట్టుకెళ్తే బండి నెమ్మదిస్తుంది. అధికారి హోదాలో తీసుకున్న నిర్ణయం మీద విచారణ మొదలెట్టాలంటే అదే చట్టంలోని 17ఏ సెక్షన్ కింద ప్రభుత్వం ముందస్తు అనుమతి కావాలి. అక్కడికక్కడే పట్టుకునే లంచం కేసులకి ఆ అనుమతి అక్కర్లేదు. చార్జిషీటు మీద కోర్టు విచారణకి మళ్లీ ఇంకో అనుమతి. అందుకే లంచానికి 5కి 4, మిగతా వాటికి 2. పేరు లేకుండా రాసే ఆకాశరామన్న ఉత్తరాల మీద ఏ గడపా పెద్దగా కదలదు, ఇదీ అంతే.

ఇక లోకాయుక్త, అధికారుల మీద, పదవుల్లో ఉన్నవాళ్ల మీద ఆరోపణలు విచారించే రాష్ట్రస్థాయి సంస్థ. 1983 చట్టం, ఆ ఏడాది నవంబర్ 1 నుంచి అమల్లో ఉంది. లోకాయుక్త హైకోర్టు న్యాయమూర్తి స్థాయి మనిషి, ఉపలోకాయుక్త జిల్లా జడ్జి స్థాయి. నేరం అనిపించుకోని తప్పులకి, అంటే పక్షపాతానికి, పదవిని సొంతానికి వాడుకోవడానికి, తెలిసి తెలిసి కాగితం తొక్కిపెట్టడానికి మన దగ్గరున్న గడప ఇదొక్కటే. నైతిక కమిషన్‌కి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది కూడా ఇదే. మన కాగితం ఆరోపణ ఎదుర్కొనే ఆఫీసు దాటి పూర్తిగా బయటికి వెళ్తుంది. ఆ ఒక్క కారణంతోనే ఎక్కువ మార్కులు పడాలి.

ఆరోపణకి అఫిడవిట్ తప్పనిసరి. ఉత్తరంలా రాయకుండా నంబర్లు వేసి, ఒక పేరాకి ఒక వాస్తవం, ఆ వాస్తవానికి ఎదురుగా జతపరచిన కాగితం నంబరు వెయ్యండి. "అందరికీ తెలుసు" అన్న మాట అఫిడవిట్‌లో రాయొద్దు. మీకు స్వయంగా తెలిసింది వేరే, కాగితం చూసి తెలుసుకున్నది వేరే రాయాలి. అదే విషయం మీద కోర్టులో కేసుంటే దాచొద్దు, బయటపడ్డాక మిగతాదంతా కొట్టుకుపోతుంది. పోస్టులో పంపితే రసీదు, ట్రాకింగు కాగితం దాచుకోండి. పాత రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది.

తక్కువ మార్కులు పడేది చివర్లో. లోకాయుక్త తీర్పు ఇవ్వదు, సిఫార్సు చేస్తుంది. చర్య తీసుకోవాల్సిన అధికారి ఏం చేశాడో తిరిగి చెప్పాలి, తృప్తి కలక్కపోతే గవర్నర్‌కి ప్రత్యేక నివేదిక పంపొచ్చు, అది శాసనసభ ముందుకి వస్తుంది. అంతటితో దాని చేతులు ఆగిపోతాయి. పైగా దూరం. ఆఫీసు 2021లో హైదరాబాద్ నుంచి కర్నూలుకి మారింది. ఇచ్ఛాపురం మనిషికి అది రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొస. స్థానిక సంస్థల మీద ఫిర్యాదు వినే చోటు స్థానికంగా లేకపోవడమే దీని అసలు జబ్బు. 5కి 3.

కార్పొరేటర్ బావమరిది దగ్గరికొద్దాం, ఇది ఎవరికీ సరిగ్గా అంతుపట్టని కేసు. కార్పొరేషన్ కాంట్రాక్టులో సభ్యుడికి నేరుగా గానీ పరోక్షంగా గానీ వాటా ఉంటే అనర్హత అని మున్సిపల్ చట్టాల్లో ఉంది. కానీ బంధుత్వం వాటా కాదు. బావమరిది స్వతంత్రంగా పది ఊళ్లలో కాంట్రాక్టులు చేసుకునే మనిషైతే చుట్టరికం ఒక్కటే చూపించి ఏమీ తేల్చలేం. చూపించాల్సింది డబ్బు దారి. ఒప్పంద పత్రం మీద ఉన్న జీఎస్టీ నంబరు జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొడితే సంస్థ చట్టబద్ధమైన పేరు, వ్యాపార చిరునామా వస్తాయి. ఆ చిరునామా కార్పొరేటర్ గారి ఇంటిదే అయితే అక్కణ్ణించి మొదలు. భాగస్వామ్య సంస్థ అయితే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర భాగస్వాముల పేర్లుంటాయి. ఎన్నికలప్పుడు ఆ సభ్యుడు ఇచ్చిన ఆస్తుల అఫిడవిట్‌తో వాటిని పోల్చండి. తర్వాత సమావేశం మినిట్స్: ఆ పని మీద తీర్మానం పెట్టిన రోజు ఆయన హాజరా, ప్రతిపాదించారా, బలపరిచారా. ఇవన్నీ చేతిలో ఉంటేనే వకీలు దగ్గరికి వెళ్లడానికి అర్థం. లేకపోతే పోస్టర్లకి తప్ప దేనికీ పనికిరాదు.

ఆడిట్ గురించి ఒక్క ముక్క. రాష్ట్ర ఆడిట్ శాఖ ఏటా మున్సిపాలిటీ లెక్కలు చూసి అభ్యంతరాలు రాస్తుంది. ఆ నివేదిక నకలు సమాచార హక్కులో అడగండి. మీరు అనుమానిస్తున్న పనిని ఆడిటర్ మీకంటే ముందే పట్టుకుని ఉండొచ్చు, ఆయన భాషలో, పేజీ నంబరుతో సహా. దాన్ని లోకాయుక్త అఫిడవిట్‌కి జతచేస్తే దాని బరువే వేరు.

ఇంతకీ ఈ నాలుగైదు గడపల్లో ఒక్కటీ చెయ్యని పని ఒకటుంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 1978లో నైతిక కమిషన్ పెట్టుకుంది. ఐదుగురు సభ్యులు, ముగ్గుర్ని గవర్నర్, మిగతా ఇద్దర్ని వేరే ఇద్దరు ఎన్నికైన అధికారులు నియమిస్తారు. ఒకే పార్టీ వాళ్లు ముగ్గురికి మించకూడదు. పట్టణంలో జీతం లేకుండా ఏదో బోర్డులో కూర్చునే స్వచ్ఛంద సభ్యుడు కూడా దాని కిందకే వస్తాడు. రెండేళ్లకోసారి అందరూ ఆన్‌లైన్ శిక్షణ పూర్తిచెయ్యాలి. హోదాని బట్టి వచ్చే కానుక విలువ 50 డాలర్లు చేరితే తీసుకోకూడదు. తప్పు తేలితే ఒక్కో ఉల్లంఘనకి 10,000 డాలర్ల దాకా జరిమానా, లంచం అయితే ఇంకా ఎక్కువ. న్యూయార్క్ రాష్ట్రంలో ఊళ్లు సొంతంగా పెట్టుకునే నైతిక బోర్డుల్లో కనీసం ముగ్గురుండాలి, ఎక్కువమంది ఆ మున్సిపాలిటీతో సంబంధం లేనివాళ్లే కావాలి. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లు కొందరు ఈ శిక్షణ పూర్తిచేసినవాళ్లే ఉంటారు, అడిగి చూడండి.

శిక్షలూ జరిమానాలూ మనకీ ఉన్నాయి. మనకి లేనిది వాళ్ల సలహా కౌంటరు. అక్కడ ఉద్యోగి గానీ సభ్యుడు గానీ పని చెయ్యబోయే ముందే కమిషన్‌కి ఫోన్ చేసి, "మా బావమరిది టెండరు వేశాడు, రేపటి సమావేశంలో నేను కూర్చోవచ్చా" అని అడగొచ్చు. సమాధానం గోప్యంగా ఉంచుతారు. చాలాసార్లు వచ్చే జవాబు చిన్నదే: ముందు రాతపూర్వకంగా చుట్టరికం ప్రకటించు, ఆ అంశం వచ్చినప్పుడు గదిలోంచి బయటికి వెళ్లిపో, మినిట్స్‌లో ఆ సంగతి రాయించు. ఆ మూడు పనులు చేస్తే కేసే పుట్టదు.

మన దగ్గర ప్రభుత్వోద్యోగికి 1964 ప్రవర్తనా నియమావళి ఉంది, ఏటా జనవరి 15లోగా ఆస్తుల పట్టిక ఇవ్వాలన్న నియమం ఉంది. తప్పు చేశాక పట్టుకునే ఏర్పాటే అంతా. 2007 జనవరిలో రెండో పరిపాలనా సంస్కరణల కమిషన్ తన నాలుగో నివేదికలో స్థానిక సంస్థలకి ప్రత్యేకంగా అంబుడ్స్‌మన్, అంటే ఫిర్యాదులు వినే స్వతంత్ర అధికారి ఉండాలని రాసింది. కేరళ అంతకుముందే ఆ పని చేసి చూపించింది. మన జిల్లాల్లో ఉపాధి హామీకి అంబుడ్స్‌మన్ ఉన్నాడు, కానీ అది పల్లెలకే. విజయనగరం గంటస్తంభం దగ్గరో శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరో ఉండే పట్టణవాసికి ఆ గడప లేదు.

కాబట్టి ప్రస్తుతానికి, రేపటి సమావేశంలో కూర్చోవచ్చో లేదో తెలియని కొత్త కార్పొరేటరు అడగడానికి ఇద్దరే ఉన్నారు: సొంత పార్టీ పెద్ద, లేదా ఫీజు పుచ్చుకునే వకీలు. ఆ కౌంటరుకి మార్కులు వెయ్యలేదు, కౌంటరే లేదు కాబట్టి.